పుదుచ్చేరి: పడుగు పరిచిన వీధులు

పుదుచ్చేరి వీధులు తిన్నగా ఉంటాయి. ఉత్తర దక్షిణాలుగా కొన్ని, తూర్పు పడమరలుగా కొన్ని, చదరంగం బల్ల మీది గళ్ళలా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. తూర్పు ముఖంగా నడిస్తే ఏ వీధైనా చివరికి సముద్రపు గాలి దగ్గరే తేలుస్తుంది. కోరమాండల్ తీరంలో పాత రేవు ఊళ్ళు చాలావరకు అవసరాన్నిబట్టి, చెరువునుబట్టి, గుడినిబట్టి వంకరటింకరగా పెరిగినవే. మరి ఈ ఊరొక్కటే నూలుదారం పట్టి గీసినట్టు ఎందుకుంది అని అడిగితే, ఫ్రెంచివాళ్ళు కట్టారు కాబట్టి అని చప్పున జవాబొస్తుంది. ఆ జవాబు ఎంతగా పాతుకుపోయిందంటే, ఊరి వారసత్వం అనగానే ఊరిని రెండుగా చీల్చే కాలువకు తూర్పున ఉన్న పసుపు గోడల ఇళ్ళు, సముద్రపొడ్డున దీపస్తంభం, ఫ్రెంచి పేర్ల వీధి పలకలు మాత్రమే కళ్ళ ముందు మెదులుతాయి. ఈ జవాబు తప్పని నా వాదన. ఈ ఊరికి రూపం ఇచ్చింది బట్ట. మగ్గం ముందు కూర్చున్నవాడిని ఇక్కడికి రప్పించాలి, వచ్చినవాడిని పోనివ్వకుండా నిలబెట్టుకోవాలి అన్న అవసరమే ఈ వీధులను తిన్నగా గీయించింది. పరాయి జెండాలు మారుతూ వచ్చాయి. ఆ అవసరం మాత్రం రెండు వందల ఏళ్ళకు పైగా మారలేదు.

మొదటి సాక్ష్యం ఒక పటం. 1693లో డచ్చివాళ్ళు పుదుచ్చేరిని ముట్టడించి ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి లాక్కున్నారు. అంతకుముందే జింజీ కోటలో ఉన్న మరాఠా రాజు రాజారాం దగ్గర ఈ చోటు మీద హక్కు కొనుక్కున్నారు. ఐరోపాలో 1697లో రిస్విక్ సంధి కుదిరాక 1699లో ఊరిని తిరిగి ఫ్రెంచివాళ్ళకు అప్పజెప్పారు. ఉన్నది ఆరేళ్ళే. పాఠ్యపుస్తకాల్లో ఈ ఆరేళ్ళకు ఒక వాక్యం దక్కితే ఎక్కువ. కానీ ఆ ఆరేళ్ళలో, 1694లో, జాకబ్ వెర్బెర్గ్‌మోస్ అనే డచ్చివాడు ఊరికి పటం గీశాడు. నెదర్లాండ్స్ దస్తావేజుల్లో పడి ఉన్న ఆ కాలపు పటాలను చరిత్రకారుడు జాఁ దెలోష్ బయటికి తీసి, 2004లో పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ ద్వారా ప్రచురించాడు. దాంతో ఒక పాత నమ్మకం కూలింది. ఈనాడు కాలువకు పడమర, తమిళుల పట్టణం అని మనం పిలిచే భాగంలోని గళ్ళ వీధులు ఫ్రెంచి గవర్నర్లు గీయించినవి కావనీ, డచ్చి పటంలో ముందే ఉన్నాయనీ తేలింది. ఊరు తిరిగి చేతికొచ్చినప్పుడు డచ్చివాళ్ళు కట్టిన గోడలకూ చేసిన మెరుగులకూ ఫ్రెంచివాళ్ళు పరిహారం కూడా చెల్లించారు. కట్టినవాడెవడో ఆనాడు ఇద్దరికీ స్పష్టంగానే తెలుసన్నమాట. మరిచిపోయింది తర్వాతి వాళ్ళే.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: అయితే ఏమైంది, ఫ్రెంచివాడి బదులు డచ్చివాడు, రెండూ పరాయి చేతులే కదా? సబబైన ప్రశ్నే. జవాబు కావాలంటే, గీత గీసిన చెయ్యి ఎవరిదో చూస్తే చాలదు, ఎవరి కోసం గీశారో చూడాలి. ఆ పటంలో వీధులు వృత్తులవారీగా పంచి ఉన్నాయి. నేతగాళ్ళకు, వర్తకులకు, బ్రాహ్మణులకు, ఇతర పనివాళ్ళకు ఎవరి చోటు వారికి. డచ్చి కంపెనీకి ఈ ఇసుక నేల మీద మోజేమీ లేదు. పులికాట్ నుంచి నాగపట్నం దాకా అప్పటికే దానికి రేవులున్నాయి. దానికి కావలసింది ఓడలో నింపుకోవడానికి బట్ట. బట్ట కావాలంటే నేతగాడు కావాలి. నేతగాడు కుదురుగా పని చేయాలంటే అతనికి ఇల్లు, ఇంటి ముందు చోటు, తనవాళ్ళ ఇరుగుపొరుగు కావాలి. ఏ కులంవాళ్ళు ఏ వీధిలో, ఎవరి పక్కన ఎవరు అన్న లెక్క ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది కాదు. గుడి చుట్టూ మాడవీధులు వేసి వృత్తికొక పేట కేటాయించే అలవాటు మన నేల మీద అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ ఉంది. డచ్చివాడు చేసిందల్లా, ఆ అలవాటును కొలబద్ద పెట్టి కాగితం మీదికి ఎక్కించడం.

తిన్నని వీధికీ మగ్గానికీ సంబంధం ఏమిటో మంగళగిరిలోనో, చీరాల చుట్టుపక్కల పేటల్లోనో తెల్లవారుజామున చూసినవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆసు పోసిన పడుగును ఇంట్లో సాగదీయడానికి చోటు చాలదు. వీధిలో కర్రలు నాటి, ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుస్తారు. వందల పోగులు, ఒక్కొక్కటి విడివిడిగా, పక్కదానికి అంటుకోకుండా ఉండాలి. దానికి గంజి పెట్టి, ఇద్దరు చెరో వైపున నిలబడి కుంచెతో ఒకే ఊపున దువ్వుకుంటూ పోతారు. ఎండ ముదరకముందే పని అయిపోవాలి. ముదిరితే గంజి బిరుసెక్కి పోగు తెగుతుంది. తెగిన పోగును వేలికొసల మధ్య మెలిపెట్టి అక్కడికక్కడే అతుకుతారు. మొత్తం అయ్యాక పడుగును చుట్టుకొని గుంటమగ్గానికి ఎక్కిస్తారు. ఈ పనికి వీధి వంకరగా ఉంటే కుదరదు, ఇరుకుగా ఉంటే కుదరదు. నేతపేటలో వీధి అంటే మగ్గానికి బయట ఉన్న సగం. పుదుచ్చేరి పటం గీసినవాడు ఈ కారణాన్ని మాటల్లో రాసిపెట్టలేదు, ఇది నా ఊహ. ఐరోపా వాళ్ళకు సైనిక కారణాలూ ఉండవచ్చు, తిన్నని వీధిలో ఫిరంగి గుండుకు అడ్డుండదు. కానీ నేతగాళ్ళ కోసం కేటాయించిన వీధులు నేతపనికి పనికొచ్చేలా ఉండడం కాకతాళీయం అనుకోవడం కంటే, అడిగి వేయించుకున్నారనుకోవడమే నాకు సమంజసంగా తోస్తుంది.

అడిగే శక్తి వాళ్ళకు ఉందా? ఉంది. 1673లో బెలాంజె ద లెస్పినె అనే ఫ్రెంచివాడు ఇక్కడ అడుగుపెట్టినప్పుడు, ఈ చోటు బీజాపూర్ సుల్తాను తరఫున ఏలుతున్న షేర్ ఖాన్ లోడీ చేతిలో ఉంది. మరుసటి ఏడు వచ్చిన ఫ్రాన్స్వా మార్తాఁ ఇక్కడే పాతికేళ్ళకు పైగా కూర్చొని, 1706 చివర్లో ఇక్కడే కన్నుమూశాడు. ఫ్రెంచి చరిత్రలో అతణ్ణి ఈ ఊరి స్థాపకుడంటారు. అతని చేతిలో ఉన్నది కొద్దిపాటి సిబ్బంది, చాలీచాలని డబ్బు. 1677లో శివాజీ దక్షిణాది దండయాత్రలో షేర్ ఖాన్ ఓడిపోతే, కొత్త ఏలికను బతిమాలి నిలదొక్కుకున్నాడు. అలాంటివాడికి చుట్టూ ఉన్న నేతగాళ్ళే ఆస్తి. 1701లో జెసూట్ పాదిరీల ఒత్తిడికి లొంగి వేదపురీశ్వరస్వామి గుడి ఉత్సవాలకు అడ్డుపడబోతే, జనం మూటాముల్లె సర్దుకొని ఊరి ద్వారాల దగ్గరికి చేరారు. ఊరు వదిలిపోతామన్నారు. మార్తాఁ వెనక్కి తగ్గాడు. 1705లో మళ్ళీ అదే గొడవ, అదే బెదిరింపు. పదేళ్ళ తర్వాత ఇంకోసారి. కత్తి ఎత్తలేదు, కోట మీద రాయి విసరలేదు. లేచి వెళ్ళిపోతామన్న ఒక్క మాట చాలింది. ఉత్తరాన మద్రాసు ఇంగ్లిషువాళ్ళు, దక్షిణాన తరంగంబాడి డేన్లు, నాగపట్నం డచ్చివాళ్ళు, అందరూ ఇదే నేతగాడి కోసం ఎదురుచూస్తున్నారని రెండు పక్షాలకూ తెలుసు. ఊరిని కట్టినవాడు ఎవరు అన్న ప్రశ్నకు, ఎవరు పోతే ఊరు ఉండదో వాళ్ళే అన్న జవాబు ఆ ద్వారాల దగ్గర దొరుకుతుంది.

ఈ బలాన్ని అవసరానికి మించి పెంచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అదే వేదపురీశ్వర ఆలయాన్ని 1748 సెప్టెంబరులో, బాస్కవెన్ నాయకత్వంలో ఇంగ్లిషు సేన ఊరిని ముట్టడించి ఉన్న రోజుల్లో, ఫ్రెంచివాళ్ళు పడగొట్టేశారు. అప్పుడు జనం ద్వారాల దగ్గరికి పోయే వీలు లేదు, బయట శత్రువు ఉన్నాడు. ఎదురు చెప్పగలిగే మార్గం మూసుకుపోయిన అదను చూసి ఆ పని చేశారు. ఆ రోజు జరిగినదంతా ఫ్రెంచివాళ్ళ దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై తన దినచర్యలో రాసిపెట్టాడు. నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది కానీ, జాగ్రత్తగా చూస్తే దాన్నే బలపరుస్తుంది. నాలుగున్నర దశాబ్దాల పాటు ఆ గుడి గోడ నిలబడింది వెళ్ళిపోగల స్వేచ్ఛ వల్లనే, ఆ స్వేచ్ఛ పోయిన వారంలోనే గోడా పోయింది.

నేతగాడికీ ఫ్రెంచి వర్తక కంపెనీకీ మధ్య దుబాసీ, అంటే రెండు భాషలు తెలిసిన మధ్యవర్తి, ఉండేవాడు. కంపెనీ ఏటా ఓడలు రాకముందే వర్తకుల చేతికి బయానా ఇచ్చేది. వాళ్ళు దాన్ని పల్లెల్లో మగ్గాలకు పంచి, నమూనా ప్రకారం నేయించి, బట్ట కొఠారుకు చేర్చేవారు. ఈ అల్లికలో తెలుగువాళ్ళ పోగు చిన్నదేమీ కాదు. విజయనగర కాలం నుంచీ దేవాంగులూ సాలీలూ తెలుగు నేల నుంచి తమిళదేశానికి మగ్గాలతో సహా తరలిపోయారు. జింజీని ఏలిన నాయకులు తెలుగువాళ్ళు. పుదుచ్చేరి పాత పటాల్లో కోమట్ల వీధి అని ఒక వీధి పేరే ఉంది, ఫ్రెంచివాళ్ళు దాన్ని తమ నాలుక తిరిగినట్టు కొముట్టీలు అని రాసుకున్నారు. 1736 నుంచి పాతికేళ్ళ పాటు తమిళంలో దినచర్య రాసిన ఆనందరంగ పిళ్ళై మీద తెలుగులో ఒక లక్షణగ్రంథమే వచ్చింది: కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము. తమిళ దుబాసీ, ఫ్రెంచి కొలువు, అతనికి అంకితంగా తెలుగు ఛందశ్శాస్త్రం. ఆ ఊరు ఎన్ని భాషల్లో బతికిందో చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు. యానాం కారణంగా పుదుచ్చేరితో మనకు బంధుత్వం ఉందని తెలుగువాళ్ళం అనుకుంటాం. అది నిజమే కానీ, 1720లలో ఫ్రెంచివాళ్ళు యానాం చేరకముందే ఆ బంధుత్వం పడుగులో పడి ఉంది. మన సాహిత్య చరిత్రల్లో ఆ ఛందోగ్రంథం ఉంటుంది, పుదుచ్చేరి వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఊరిని పరాయివాళ్ళ ఖాతాలో వేయడం ఇక్కడ కొత్త కాదు. పట్టణానికి దక్షిణంగా నాలుగు కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున, కాకాయంతోపు దగ్గర అరికమేడు అనే దిబ్బ ఉంది. క్రీస్తుశకం తొలి శతాబ్దంలో ఎర్రసముద్రం నుంచి వచ్చిన గ్రీకు నావికుడి రాతల్లో కనిపించే పొదుకె రేవు ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. 1944లో పురావస్తు శాఖ అధిపతి మోర్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఒక అలమారా తెరిచి, అందులో మధ్యధరా తీరపు మద్యం జాడీ ముక్క ఒకటి చూశాడు. అది అరికమేడు నుంచి వచ్చిందని తెలుసుకొని, 1945లో అక్కడ తవ్వించాడు. ఇటలీలోని అరెజ్జో మట్టిపాత్రల ముక్కలు, జాడీలు, పూసలు, ఇటుక కట్టడాలు దొరికాయి. రోమన్ వర్తకులు వచ్చి మత్స్యకారుల కుగ్రామాన్ని రేవుపట్టణంగా మార్చారన్న కథ దాని చుట్టూ అల్లుకుంది. తర్వాత 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ బృందం మళ్ళీ తవ్వింది. రోమన్ సరుకు రాకముందే అక్కడ ఊరు ఉందనీ, పూసలూ కుండలూ చేసే స్థానిక పనివాళ్ళు ఉన్నారనీ, అది రోమన్ వలస స్థావరం కాదనీ తేలింది. వీలర్ అద్దకపు తొట్లు అనుకున్న ఇటుక కట్టడాల ప్రయోజనం మీద కూడా అనుమానాలు వచ్చాయి. నా వాదనకు అద్దకపు తొట్లే పనికొచ్చేవి. అయినా రుజువు చాలని చోట దాన్ని వాడుకోను. అరికమేడు నేర్పే పాఠం అది కాకుండానే సరిపోతుంది: ఓడ ఊరి కోసం వచ్చింది, ఊరు ఓడ కోసం మొలవలేదు. రోమ్ విషయంలో సరిదిద్దుకున్న ఈ లెక్కను ఫ్రాన్సు విషయంలో ఇంకా సరిదిద్దుకోవలసి ఉంది.

అందరికంటే గట్టి అభ్యంతరం ఇళ్ళను చూపించి చేసేది. వీధులు ఎవరివైనా కానీ, ఆ ఎత్తయిన తలుపులు, కమానులు, ఇనుప బాల్కనీలు ఫ్రెంచివే కదా అంటారు. నిజమే, వాటిని ఎవరూ కాదనలేరు. కానీ అవి ఎప్పటివో గమనించాలి. 1761 జనవరి 16న ఊరు ఇంగ్లిషువాళ్ళకు లొంగిపోయింది. ఆనందరంగ పిళ్ళై దానికి నాలుగు రోజుల ముందే కన్నుమూశాడు. గెలిచినవాళ్ళు కోటనూ తెల్లవాళ్ళ ఇళ్ళనూ నేలమట్టం చేశారు. మార్తాఁ కట్టించి 1706లో ఉత్సవం చేసిన సాంలూయి కోట ఉన్నచోట ఇప్పుడు భారతి పార్కు ఉంది. ఊరిని ఫ్రెంచివాళ్ళకు తిరిగి ఇప్పించిన పారిస్ సంధి తర్వాత 1765లో ఫ్రెంచి గవర్నర్ లా ద లొరిస్తాఁ వచ్చేసరికి మిగిలింది రాళ్ళ గుట్టలు. అతను ఊరిని పాత పునాదుల మీదే, పాత వీధుల వెంటే లేపాడు. ఈనాడు మనం చూసే తెల్లవాళ్ళ పట్టణం ఆ తర్వాతిది. అంటే కాలక్రమంలో నేతగాళ్ళ వీధులు తాత, ఫ్రెంచి బంగళాలు మనవడు. ఆ బంగళాల గోడలకు సున్నం కలిపినవాళ్ళు, దూలాల మీద ఇటుక పేర్చి మిద్దె వేసినవాళ్ళు ఇక్కడి మేస్త్రీలే. రంగపిళ్ళై వీధిలో ఆనందరంగ పిళ్ళై ఇల్లు ఇంకా ఉంది. కింది అంతస్తు మన మండువా లోగిలి: మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ చెక్కిన చెక్క స్తంభాలు. పై అంతస్తులో సున్నపు గుండ్రటి స్తంభాలు, ఫ్రెంచి తీరు. ఏది పునాదో, ఏది పైకప్పో చెప్పడానికి ఆ ఇల్లు చాలు. కాలువకు పడమర ఇళ్ళ ముందు అరుగు, అరుగు మీదికి వాలిన చూరు, దారినపోయేవాడు ఎండవేళ కాసేపు కూర్చునే నీడ ఉంటాయి. తూర్పున ఉన్నవి ఎత్తు ప్రహరీలు. వారసత్వం అంటే ముందు ప్రహరీ గోడ గుర్తుకు రావడం, అరుగు రాకపోవడం మనం సరిచేసుకోవలసిన అలవాటు.

ఇంకొక అభ్యంతరం దీనికంటే లోతైనది. దాన్ని పక్కకు నెడితే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. కులానికొక వీధి అన్న పటాన్ని చూసి మురిసిపోవడం ఎలా? ఆ గళ్ళలో చోటు దొరకని వాళ్ళు ఊరి బయట ఉన్నారు. పుదుచ్చేరి అంటే కొత్త చేరి. పాత తమిళంలో చేరి అంటే పల్లె, కాలక్రమంలో అదే మాట దళితవాడకు పేరై నిలిచింది. ఊరి పేరులో ఉన్న మాట, ఊరి గీతకు బయట పడిపోయిన మనుషుల పేరైంది. పైగా ఇక్కడ నేసి నీలిరంగు వేసిన బట్టను ఫ్రెంచివాళ్ళు గినే అన్నారు. ఆఫ్రికాలోని గినీ తీరం పేరు అది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ తీరంలో మనుషులను కొనడానికి చెల్లించిన సరుకుల్లో కోరమాండల్ బట్ట ఒకటి. మగ్గం మీద కూర్చున్నవాడికి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు, కానీ చరిత్ర రాసేవాడికి తెలియాలి. నేతగాళ్ళే ఊరిని నిలిపారని చెప్పడం అంటే వాళ్ళ ఊరు మచ్చలేనిదని చెప్పడం కాదు. మచ్చతో సహా అది వాళ్ళదని చెప్పడం.

బానిస వ్యాపారం నిషేధించాక కూడా ఆ నీలిబట్ట ప్రయాణం ఆగలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో సెనెగల్ నది ఒడ్డున ఫ్రెంచి వర్తకులు తుమ్మజిగురు కొనేవారు. ఐరోపాలో అచ్చుగుడ్డల పరిశ్రమకు ఆ జిగురు కావాలి. ఎడారి అంచుల మూర్ వర్తకులు దానికి బదులు పుదుచ్చేరి నీలిబట్ట అడిగేవారు. అక్కడ ఆ బట్టే డబ్బు. రంగు చూసి, తాకి, వాసన పీల్చి అసలైనదో కాదో తేల్చేవారు. ఐరోపా మిల్లులు అలాంటి బట్టనే చౌకగా చేసి పంపితే వద్దన్నారు. ఆ రంగు వేయడం చూడముచ్చటైన పని. పులిసిన నీలిమందు తొట్టిలో బట్టను ముంచి తీసినప్పుడు అది నీలంగా ఉండదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ, కళ్ళ ముందే, అంచుల నుంచి నీలం కమ్ముకొస్తుంది. ఆరాక మళ్ళీ ముంచాలి, మళ్ళీ గాలికి పెట్టాలి. ఎన్నిసార్లు ముంచితే అంత చిక్కన. చుట్టుపక్కల పల్లెల్లో నీలిమొక్క, పట్టణంలో, ముత్యాలుపేట లాంటి పేటల్లో మగ్గాలు, ఏటి ఒడ్డున తొట్లు, ఇవన్నీ కలిస్తేనే ఒక గినే తాను. తర్వాత మిల్లులు వచ్చాయి. 1820ల చివర మొదటి నూలు మిల్లు, 1898లో తర్వాత ఆంగ్లో ఫ్రెంచి టెక్స్‌టైల్స్‌గా పేరుపడ్డ పెద్ద మిల్లు. చేతిమగ్గం నేతగాడి మనవడు మిల్లు కార్మికుడయ్యాడు. 1936 జులై 30న సమ్మె చేస్తున్న మిల్లు కార్మికుల మీద ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరిపారు. 12 మంది చనిపోయారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో వచ్చిన శాసనం ఎనిమిది గంటల పనిదినాన్ని గుర్తించింది. ఆ ఉద్యమం నుంచి ఎదిగిన వి. సుబ్బయ్య లాంటి నాయకులే ఫ్రెంచి పాలనకు ఎదురు నిలిచారు. 1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రతినిధుల్లో 170 మంది భారత్‌లో కలవాలని ఓటు వేశారు. నవంబరు 1న జెండా మారింది. 1701లో ఊరి ద్వారాల దగ్గర నిలబడ్డ జనానికీ 1936లో మిల్లు గేటు దగ్గర నిలబడ్డ జనానికీ మధ్య తెగని పోగు ఒకటి నాకు కనిపిస్తుంది. ఇద్దరూ పని ఆపుతామనే చెప్పారు. తేడా ఏమిటంటే, మిల్లు కార్మికుడికి మగ్గం భుజాన వేసుకొని పక్క ఊరికి పోయే వీలు లేదు.

ఇప్పుడు మగ్గాలు లేవు, మిల్లులు లేవు, పోయినదాన్ని వారసత్వం అని ఎలా కాపాడతారు అని అడిగేవాళ్ళు ఉన్నారు. పోయినదాన్ని తిరిగి నిలబెట్టడం ఈ ఊరికి చేతకాని పనేమీ కాదు. 2014 నవంబరు 29న సముద్రపొడ్డున ఉన్న పాత మేరీ భవనం, ఫ్రెంచి కాలపు పురపాలక కార్యాలయం, వానకు తడిసి కూలిపోయింది. దాన్ని పాత ఫొటోలు, కొలతలు చూసి అదే రూపంలో మళ్ళీ కట్టారు. మంచి పని చేశారు. కాలువకు పడమర వైశ్యాళ్ వీధిలో అరుగులు, చూర్లు బాగుచేసిన పనికి 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. ఒక వీధికి చేయగలిగింది ఇంకో పది వీధులకు చేయవచ్చునని అది రుజువు చేసింది. కడలూరు రోడ్డు మీద ఆంగ్లో ఫ్రెంచి టెక్స్‌టైల్స్ మిల్లును మాత్రం 2020లో మూసేశారు. ఆ మిల్లు ఆవరణలో ఒక్క షెడ్డు చాలు. అందులో ఒక గుంటమగ్గం, ఒక నీలితొట్టి, గోడ మీద వెర్బెర్గ్‌మోస్ పటం నకలు, దాని పక్కన 1936లో చనిపోయిన 12 మంది పేర్లు పెట్టాలి. బయట ఆవరణలో తూర్పు పడమరలుగా కర్రలు నాటి, వారానికొక తెల్లవారుజామున పడుగు పరిచి గంజి పెట్టే పని తెలిసినవాళ్ళను పిలిపించాలి. ఆ పని తెలిసినవాళ్ళు మన చీరాలలో, మంగళగిరిలో ఇంకా ఉన్నారు.